డప్పు కాగేదాకా

దమయంతి కనిపెట్టిన సున్నం అందరి మాటా వింటుంది, దమయంతి మాట తప్ప. ఈ సంగతి ఆమె పనిచేసే ప్రయోగశాలలో అందరికీ తెలుసు. పైకి మాత్రం ఎవరూ అనరు. అనేది ఆమె ఒక్కతే, అదీ నవ్వుతూ.

హనుమకొండ శివార్లలో ఉంది వాళ్ళ భవన పరిశోధనాలయం. దాని వెనక జామచెట్ల పక్కన ఒక చిన్న గది ఉంది. పూజగదికి ఎక్కువ, పడకగదికి తక్కువ. ఆమె భర్త మురహరి సాయంత్రం బడి వదలగానే నేరుగా ఆ గదికి వచ్చి, చెప్పులు విడిచి, శ్రుతిపెట్టె మీట నొక్కి పాడటానికి కూర్చుంటాడు. ఆయన ప్రభుత్వ పాఠశాలలో సంగీతం మాస్టారు. గొంతు మరీ గొప్పదేం కాదు. ఆ గది కట్టకముందు ఆ మాట ఆయనే ఒప్పుకునేవాడు.

ఆ సాయంత్రం కూడా దమయంతి టిఫిన్ క్యారియర్ పట్టుకుని గుమ్మంలో నిలబడింది. లోపల పాట నిండుగా ఉంది. ఆయన సన్నగా అందుకున్న స్వరాన్ని నాలుగు గోడలూ ఎత్తుకుని, పదిమంది వంతపాట పాడినట్టు తిరిగి ఇస్తున్నాయి. చరణం అయ్యేదాకా ఆగింది.

"అన్నం చల్లారుతాంది, రండి" అంది.

ఆయన కళ్ళు తెరిచాడు. "ఏమన్నవ్?"

"అన్నం చల్లారుతాంది."

"ఏమన్నవ్?"

రెండు బారల దూరం. గట్టిగానే అంది. కానీ మాట ఆమె నోరు దాటగానే గోడలు పీల్చేసుకున్నాయి. ఆమెకే తన గొంతు దుప్పటి కప్పుకుని మాట్లాడినట్టు వినిపించింది. చివరికి క్యారియర్ పైకెత్తి, చేత్తో ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నట్టు సైగ చేసింది. పెళ్ళయి పద్దెనిమిదేళ్ళయ్యాక మొగుడితో మూగసైగలు చేయవలసి వస్తుందని ఎవరు మాత్రం అనుకుంటారు!

మూడేళ్ళ కిందట ఆమె పాతకాలపు గానుగ సున్నంలో ఒక సూక్ష్మజీవిని కలిపింది. అది తిని తాగి రాతిరేణువుల్ని కంటుంది. ఆ సున్నం గోడకు పూస్తే ఆరడానికి పదకొండు రోజులు పడుతుంది. ఆ పదకొండు రోజుల్లో గోడకు ఏ శబ్దం తగిలితే రేణువులు దాని అదురుకు తగ్గట్టు వరసలు కడతాయి. ఆరిపోయాక ఇక మార్చడం బ్రహ్మతరం కాదు. తనకు తెలిసిన శబ్దాన్ని గోడ చేతుల్లో ఎత్తుకుంటుంది, తెలియనిదాన్ని మింగేస్తుంది. మొదటి గదికి ఒక గొంతు కావలసి వచ్చింది. ఇంట్లోనే పాటగాడుండగా బయట వెతకడం దేనికని దమయంతే మురహరిని కూర్చోబెట్టింది. ఆయన సెలవు పెట్టి మరీ పదకొండు రోజులు పాడాడు. అలసిపోతే శ్రుతిపెట్టెను మోగనిచ్చి పడుకునేవాడు. గోడ ఆరిన రోజున మొదటి పల్లవి పాడి, ఆ నిండుదనానికి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. దమయంతి కాళ్ళు ఆ రోజంతా నేల మీద ఆనలేదు.

తరవాత మెల్లమెల్లగా మొదలైంది. ముందు పెళ్ళిళ్ళలో పాడటం మానేశాడు. ఆ పైన ఇంట్లో హార్మోనియం మీద గుడ్డ కప్పాడు. కిందటి ఏడు నుంచి బళ్ళో కూడా పిల్లల చేతే పాడించి, తాను తాళం మాత్రం వేస్తున్నాడు. అదేమని అడిగితే, "బయట పాడితే ఎవరిదో గొంతు లెక్క వినిపిస్తాంది" అన్నాడు. మనిషి చెడిపోలేదు, తాగుబోతు కాలేదు, పల్లెత్తు మాట అనలేదు. సాయంత్రమయ్యేసరికి ఆ గదిలోకి వెళ్ళి తలుపేసుకుంటాడు, అంతే. అది తను చేసిన పనేనని దమయంతికి తెలుసు. లోపల్లోపల కుమిలిపోయేది.

అలాంటప్పుడు వచ్చింది కళాభవనం పని.

కొత్త జలాశయం కింద మూడు ఊళ్ళు మునిగాయి: చేపలు పట్టేవాళ్ళ గంగిరేవు, వ్యవసాయం చేసుకునే ఎదులపాడు, లంబాడాల సోమ్లా తండా. మూడు ఊళ్ళవాళ్ళనూ తెచ్చి ఒకే పునరావాస కాలనీలో పెట్టారు. ఇళ్ళన్నీ ఒకే కొలత, ఒకే రంగు. గుమ్మాలకు పేర్లు లేవు, అంకెలే. ఆరేళ్ళయినా మూడు ఊళ్ళవాళ్ళూ మూడు బోరింగుల దగ్గర విడివిడిగానే నీళ్ళు పట్టుకుంటున్నారు. వాళ్ళందరికీ కలిపి ఒక కళాభవనం కట్టాలని, అది వాళ్ళ సంస్కృతులను ప్రతిబింబించాలని ప్రభుత్వం తలచింది. కాగితం మీద ఆ ముక్క రాసినవాళ్ళు ఆ ఊళ్ళను ఏనాడూ చూసినట్టు లేదు. పని దమయంతికి అప్పగించారు. భవనమూ ఆమెదే, సున్నమూ ఆమెదే.

ఆమె మొదటి నమూనా గీసుకుని కాలనీకి వెళ్ళింది. మూడు హాళ్ళు, మూడు తలుపులు. ఒక తలుపు మీద చేపలు, ఒకదాని మీద డప్పులు, ఒకదానికి అద్దాల పని. సగం లేచిన గోడల మధ్య షామియానా కింద అందరూ కూర్చుని ఆ బొమ్మను చేతులు మార్చుకుంటూ చూశారు.

గంగిరేవు బుచ్చవ్వ ముందు నోరు విప్పింది. డెబ్బై ఏళ్ళ మనిషి, వల లాగేటప్పటి పాటలు రెండు వందలైనా ఆమె నోట్లో ఉన్నాయంటారు. "తలుపు మీద చేపను గీస్తే మేం గంగిరేవోళ్ళమైతమా బిడ్డా? చేప బొమ్మ చేపల దుకాణానికి గూడ ఉంటది" అంది.

తండా నుంచి వచ్చిన జమ్కీబాయి పక్కున నవ్వింది. "మా అద్దాలు మా బట్టలకున్నయి గద మేడం, గోడలకెందుకు? ఎండ పడితే కండ్లల్ల కొడతయి."

దమయంతి ముఖం చిన్నబోయింది. ఎదులపాడు వరసలో చివరగా కూర్చున్న డప్పు మేస్త్రి రాజలింగు మెల్లగా అన్నాడు. "ఒక్క తలుపు పెట్టు బిడ్డా. మూడు తలుపులుంటే మూడు దిక్కుల పోతరు. గిప్పటికే పోతాండ్రు."

అలా ఒక్క హాలు ఖాయమైంది. చిక్కు అక్కడే వచ్చిపడింది. హాలు ఒక్కటి, సున్నం ఒక్క పూతకే ఉంది, విని నేర్చుకునేది పదకొండు రోజులే. ఎవరి పాట వినిపిస్తే హాలు వాళ్ళదవుతుంది. మిగతావాళ్ళు ఆ హాల్లో ఎన్నటికీ మూగవాళ్ళే. ఏ శబ్దమూ లేకుండా ఆరనిస్తే గోడలు దూదిమూటల్లా తయారై అందరినీ మింగేస్తాయి.

ఈ సంగతి తెలిశాక ఒక్కొక్కరే దమయంతి దగ్గరికి రావడం మొదలుపెట్టారు. బుచ్చవ్వ ఎండుచేపల పొట్లం తెచ్చి బల్ల మీద పెట్టి, "మా ఊరు నీళ్ళల్ల ఉన్నది. మా పాట గీ గోడలల్లనన్న ఉండనియ్యి" అంది. జమ్కీబాయి ఏమీ తేలేదు. "మాకు రాసుకునే లిపి లేదు మేడం. ఉన్నదంతా నోట్లనే" అని కళ్ళలోకి చూసింది. ఎదులపాడు పెద్దలు ఫోన్ చేసి, డప్పు అక్కర్లేదు, భజన పెట్టమన్నారు. రాజలింగు ఒక్కడే ఏమీ అడగడానికి రాలేదు. దమయంతి తల పట్టుకుంది. ఊరు పోయినవాళ్ళ గొంతు కూడా తన చేతిమీదుగా పోతే ఆ పాపం ఏ నదిలో కడుక్కోవాలి?

చదువుకున్నవాళ్ళకు తోచే దారే ఆమెకూ తోచింది. అందరికీ సమానంగా పంచాలి. బుచ్చవ్వను, జమ్కీబాయిని, రాజలింగును విడివిడిగా ప్రయోగశాలకు పిలిపించి, చల్లని స్టూడియోలో మూడేసి రోజులు రికార్డు చేసింది. రాజలింగు పావుగంట వాయించి లేచి నిలబడ్డాడు.

"డప్పు మెత్తబడ్డది బిడ్డా. కాగబెట్టాలె. గింత వరిగడ్డి ఉంటే..."

"ఇక్కడ మంట పెట్టొద్దు పెద్దాయనా, పొగొస్తే అలారం మోగుతది" అని ఆమె రంగులు ఆరబెట్టే వేడిగాలి మిషన్ తెచ్చి ఇచ్చింది. రాజలింగు దాన్ని చూశాడు, ఆమెను చూశాడు. "గట్లనే కానీ" అని తీసుకున్నాడు. రెండు నిమిషాల్లో తోలు బిగిసింది. దమయంతికి చాలా ముచ్చటేసింది. పని ఎంత తొందరగా సాగుతోందో!

తరవాత కంప్యూటర్ ముందు కూర్చుని మధ్యలోని ఖాళీలన్నీ కోసేసింది. డప్పు కాచుకున్న చప్పుడు, బుచ్చవ్వ దగ్గు, జమ్కీబాయి కడియాలు సర్దుకున్న అలికిడి, అన్నీ తీసేసింది. మిగిలిన పాటను మూడు సమాన పాళ్ళుగా పేనింది. పెద్ద హాలుకు వాడే ముందు, పక్కనే వేషాలు వేసుకునే చిన్న గదికి హాలు పూతకు పోగా మిగిలే సున్నం కాస్త పూయించి, పదకొండు రోజులు స్పీకరు పెట్టెల్లోంచి ఆ రికార్డు మోగించింది.

పన్నెండో రోజు పొద్దున ముగ్గురూ వచ్చారు. రాజలింగు డప్పు మీద ఒక దెబ్బ వేశాడు. గోడలు అందుకున్నాయి. అందుకుని వదల్లేదు. రెండో దెబ్బ మొదటిదాని మీద పడింది, మూడోది రెండూ కలిసిన రొద మీద పడింది. చేతులు ఆపాక కూడా గది మోగుతూనే ఉంది. జమ్కీబాయి చప్పట్లు చరచబోయి తాళం దొరక్క ఆగిపోయింది. బుచ్చవ్వ పాట ఎత్తుకుని సగంలో నోరు మూసుకుంది.

"ఎవరో నా నోట్లకెల్లి మాట గుంజుకున్నట్టుంది బిడ్డా" అని కొంగుతో మొహం తుడుచుకుంది.

"ముగ్గురికీ సమానంగానే పెట్టినవ్వా" అంది దమయంతి. తన గొంతు ఆ రొదలో తనకే వినిపించలేదు.

ఎవరూ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. ఒక్కొక్కరే బయటికి నడిచారు. మబ్బు పట్టి ఉంది. రాజలింగు గడ్డివాము నుంచి చిన్న మోపు తెచ్చి, హాలు ముందర మంటవేసి, డప్పు కాచుకోవడం మొదలుపెట్టాడు. ఇక వాయించే పని లేదుగా, ఎందుకు కాస్తున్నాడో అతనికే తెలియాలి. చేతులకు అలవాటై ఉంటుంది. దమయంతి వెళ్ళి పక్కన కూలబడింది.

కాసేపటికి బుచ్చవ్వ చలిగా ఉందంటూ వచ్చి మంటకు అరచేతులు చాపింది. జమ్కీబాయి బీడీ ముట్టించుకోవడానికి వచ్చి అక్కడే గొంతుక్కూర్చుంది. దారిన పోయేవాళ్ళు ఇద్దరు ఆగారు. ఎవరూ ఎవరినీ పిలవలేదు. బుచ్చవ్వ మంటలోకి చూస్తూ ఏదో కూనిరాగం తీసింది. అందాకా గదిలో పెగలని గొంతు ఇక్కడ దానంతటదే లేచింది. అది ఆగగానే జమ్కీబాయి తన భాషలో ఇంకోటి అందుకుంది. రాజలింగు డప్పు అంచును గోటితో మీటి విన్నాడు. ఇంకా కాగలేదన్నట్టు మళ్ళీ మంట మీదికి తిప్పాడు. జమ్కీబాయి ఇంకో చరణం పాడింది. మళ్ళీ మీటి, ఈసారి వేలు పైకెత్తాడు. ఆమె పాదం ముగించి ఊరుకుంది. డప్పు లేచింది.

దమయంతి చూస్తూ ఉండిపోయింది. "మీ ఊళ్ళల్ల కూడా ఇట్లనేనా పెద్దాయనా?"

"మరెట్ల? మొగులైతే సగం పొద్దు కాగబెట్టుడే. వాయించినంత సేపు అందరు నా మాట వింటరు. కాగేదాకా నేను అందరి మాట వింటా. గంగిరేవోళ్ళు వలలు మోసుకొని పొయ్యేటోళ్ళు మంట కాడ ఆగుతుండె. తండోళ్ళు అంగడికి పొయ్యేటోళ్ళు ఆగుతుండె. గీ బుచ్చవ్వ పాట నాకు గట్లనే ఎరుక."

"మరి రికార్డింగప్పుడు ఈ ముక్క చెప్పలేదేం?"

"నువ్వు అడగలే. మిషన్ ఇచ్చినవు, మంచిగనే ఉండె." రాజలింగు డప్పును చంకలో సర్దుకున్నాడు. "కాకపోతే మిషన్ కాడికి ఎవరు రారు గద బిడ్డా."

ఆ మాట దగ్గర ఆమె ఆగిపోయింది. తాను కోసి పారేసింది ఖాళీని కాదని, ఆ మూడు ఊళ్ళు కలుసుకునే చోటునేనని అప్పుడు అర్థమైంది. వెంటనే ఇంకొకటి కూడా తట్టింది. మురహరి గదిలో శ్రుతిపెట్టె పదకొండు రోజులూ ఆగలేదు. ఆయన నిద్రపోయినా అది మోగుతూనే ఉంది. ఆ గోడల్లో ఇంకొక మనిషి మాటకు సందు ఎక్కడుంటుంది?

హనుమకొండ వెళ్ళగానే రెండు పెంకు ముక్కలకు సున్నం పూసింది. ఒకదానికి ఎడతెగకుండా శబ్దం వినిపించింది. రెండోదానికి కాసేపు వినిపించి, ఆపి, ఆ ఆపినచోట ఇంకో శబ్దం వినిపించింది. చిన్న ముక్కలు గనక అయిదు రోజుల్లో ఆరాయి. సూక్ష్మదర్శినిలో పెట్టి చూస్తే మొదటిదాంట్లో రేణువులు ఒకదాన్నొకటి తోసుకుంటూ రేకులా అతుక్కుపోయి ఉన్నాయి. రెండోదాంట్లో వరసల మధ్య సన్నని దారులున్నాయి. ఆ దారుల్లో రెండో శబ్దం తన వరసను తాను పేర్చుకుంది. ఒకదాన్నొకటి తాకలేదు. దమయంతి కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ చూసింది. అదే కనిపించింది.

డైరెక్టరు ఆమె కొత్త నమూనా చూసి కుర్చీలోంచి లేచాడు. "కప్పు నడుమ బొక్కేందమ్మా?"

"పొగ పోవాలి సార్. కింద నడుమ మంటగుండం ఉంటది."

"కళాభవనంల మంటనా? రికార్డింగు లేకుండ పదకొండు రోజులు జనాన్ని లోపల కూర్చోబెడతవా? వాళ్ళు కొట్టుకుంటే? సున్నం మళ్ళీ తయారు కావాలంటే ఏడాది పడుతది. అప్పటికి ఈ పని మన చేతుల ఉండదు, తెలుసు గద?"

"తెలుసు సార్. వాళ్ళకు మళ్ళీ ఇంకో హాలు ఎవరూ కట్టరని కూడా తెలుసు."

ఆయన చాలాసేపు ఆ బొమ్మను తిప్పి తిప్పి చూశాడు. చివరికి సంతకం పెట్టాడు గానీ పెట్టినంతసేపూ నిట్టూరుస్తూనే ఉన్నాడు.

దసరా సెలవులిచ్చారు. ఆ సాయంత్రం మురహరి గదిలోకి పోకముందే దమయంతి ఆయన్ను జామచెట్ల కింద ఆపింది.

"పదకొండు రోజులు నాతోని కాలనీకి రండి."

"నా పాటకు అక్కడేం పని?"

"పాటకు రమ్మంటలేను. నాకు తోడు రమ్మంటున్న." ఆమె గది వైపు వేలు చూపింది. "ఆ గది కట్టింది నేను. మీ గొంతును అందులో పెట్టి తలుపేసింది నేను. మూడేండ్ల సంది ఆ గుమ్మంల నిలబడి అరుస్తున్న. నా మాట మీకు వినపడక నాకు ఎంత కష్టమైతాందో మీకు తెలుసా?"

మురహరి గది తలుపు వైపు ఒకసారి చూశాడు. మర్నాడు పొద్దున సంచీలో రెండు జతల బట్టలు పెట్టుకుని బస్సు దగ్గరికి వచ్చాడు. శ్రుతిపెట్టె తేలేదు.

పచ్చి సున్నం వాసనలో హాలు తడితడిగా ఉంది. ఆ తేమకు డప్పు మామూలుకన్నా తొందరగా మెత్తబడింది. దాంతో రాజలింగు మాటిమాటికీ మంట దగ్గరికి రావలసి వచ్చింది. ఆగినప్పుడల్లా ఎవరో ఒకరు అందుకున్నారు. వలలు బాగుచేసుకునేవాళ్ళు వలలు తెచ్చుకున్నారు. బతుకమ్మ పూలు గుట్టలుగా పోసుకుని ఎదులపాడు ఆడవాళ్ళు ఒక మూలన కూర్చున్నారు. భజన కావాలన్న పెద్దలు కూడా మూడోరోజుకల్లా తాళాలు పట్టుకుని వచ్చి, డప్పు కాగే వేళ కోసం ఎదురుచూశారు. పసిపిల్లలు ఏడ్చారు, సెల్‌ఫోన్లు మోగాయి, ఎవరిదో చాయ్ గిన్నె పొంగింది. మొదట్లో ప్రతి చప్పుడుకూ దమయంతి ఉలిక్కిపడి గోడల వైపు చూసేది. తరవాత అదీ మానేసింది.

నాలుగో రోజు బుచ్చవ్వకూ జమ్కీబాయికీ పెద్ద గొడవైంది. ముందెవరు పాడాలని. ఒకరి ఊరి వాగును ఒకరు తిట్టుకున్నారు. ఆ వాగులు రెండూ ఇప్పుడు ఒకే నీటి కింద ఉన్నాయి. దమయంతి లేచి నిలబడింది. గోడలు ఆ తిట్లు కూడా వింటున్నాయి! రాజలింగు తలెత్తకుండా గోటితో డప్పు మీటి, వేలు పైకెత్తాడు. ఇద్దరూ ఠక్కున ఊరుకున్నారు. డప్పు మోగినంతసేపూ మొహాలు చెరో పక్కకు తిప్పుకుని కూర్చున్నారు. అది మళ్ళీ మెత్తబడేసరికి బుచ్చవ్వే, "ఇగ నువ్వే పాడు తీయ్" అంది.

ఏడో రోజు కప్పు సందులోంచి వాన పడి మంట ఆరిపోయింది. దమయంతి తార్పాలిన్ కోసం పరుగెత్తబోతుంటే రాజలింగు వారించాడు. "ఆగు బిడ్డా. వాన గూడ మనూరిదే గద." ఆ పూటంతా డప్పు లేదు. అందరూ గోడలకు చేరగిలబడి వాన వింటూ మాట్లాడుకున్నారు.

మురహరి మాత్రం తలుపుకు దూరంగా ఒక స్తంభానికి ఆనుకుని, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, వింటూనే ఉండేవాడు. మధ్యాహ్నం మంట దగ్గర వండిన అన్నం దించగానే దమయంతి కేకేసేది. "అన్నం చల్లారుతాంది, రండి." ఆయన పరధ్యానంలో ఉంటే ఇంకోసారి పిలిచేది. రోజూ అదే మాట, అదే చోటు నుంచి.

తొమ్మిదో రోజు బుచ్చవ్వ ఆయన వైపు తిరిగింది. "సారూ, నువ్వు పాటల సారువంట గద. డప్పు కాగేదాకా ఒక్కటి పాడరాదు?"

"నాకిక్కడ రాదవ్వా" అన్నాడు.

"మాకు మాత్రం యాడ వచ్చింది?" అంది జమ్కీబాయి.

అందరూ నవ్వారు. తప్పించుకోవడానికి వీల్లేకపోయింది. మురహరి గొంతు సవరించుకుని, బళ్ళో చిన్నపిల్లలకు మొదట నేర్పే కీర్తన ఎత్తుకున్నాడు. గొంతు బొంగురుగా వచ్చింది, పైస్థాయిలో చీలింది. చెమటలు పట్టాయి. సగంలోనే డప్పు కాగింది. దమయంతికి తెలిసింది, ఆ తోలు బిగువు ఇప్పుడు ఆమె కూడా చెప్పగలదు. కానీ రాజలింగు వేలు ఎత్తలేదు. డప్పును మంట నుంచి జానెడు వెనక్కి జరిపి, ఏమీ ఎరగనట్టు తిప్పుతూ కూర్చున్నాడు. పాట చివరిదాకా అయ్యాకే వేలు లేచింది. దమయంతి మొహం గోడవైపు తిప్పుకుని కళ్ళు తుడుచుకుంది.

గోడలు ఆరాయి. హాలు శుభ్రంగా తుడిచి, ఉతికిన బట్టలు కట్టుకుని, మూడు ఊళ్ళవాళ్ళూ ఒక్క తలుపులోంచి లోపలికి వచ్చారు. దమయంతి తలుపు పక్కన నిలబడింది. డైరెక్టరు ముందు వరసలో చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

రాజలింగు ఒక దెబ్బ వేశాడు. అది హాలంతా పరిగెత్తి, ఆ చివరి గోడను తాకి, అక్కడే ఆగింది. పూర్తిగా ఆగింది. రెండో దెబ్బ తేటగా విడిగా వచ్చింది. అతను వాయించడం ఆపి మంట దగ్గరికి నడిచినప్పుడు అడుగుల చప్పుడు కూడా వినిపించింది. బుచ్చవ్వ కూర్చున్నచోటే పాడింది. ఆమె సన్నని గొంతు మైకు లేకుండానే వెనక వరసలో ఉన్న మనవల దాకా వెళ్ళింది. ఆమె చివరి మాట తగ్గుతుండగానే జమ్కీబాయి పాట దాని పక్కనుంచి, దాన్ని తాకకుండా లేచింది. ఎవరో ముసలాయన వెక్కివెక్కి ఏడ్చాడు. మునిగిపోయిన రేవు గుర్తొచ్చిందని చెప్పాడు. డైరెక్టరు కట్టుకున్న చేతులు విప్పాడు.

మురహరి కూడా పాడాడు. హాలు ఆయన గొంతును ఎత్తుకోలేదు, మింగలేదు. ఉన్నది ఉన్నట్టు ఇచ్చింది, ఆ బొంగురుతో సహా. పాడి లేచి వచ్చి దమయంతి పక్కన నిలబడ్డాడు.

"ఇదా నా గొంతు" అన్నాడు. అందులో బాధ ఉంది. మూడేళ్ళు రాజులా బతికి ఇంటికొచ్చిన మనిషి బాధ అది. "సరే, సోమవారం బడి తెరుస్తరు. పిల్లలకు ఇదే గొంతుతో చెప్పాలె."

జామచెట్ల పక్క గదిని ఏం చేయాలో ఇద్దరూ ఇంకా తేల్చుకోలేదు. వేషాల గదికి మాత్రం తాళం వేశారు. తలుపు తెరిచి ఎవరైనా తుమ్మితే సాయంత్రం దాకా మోగుతుందని కాలనీ పిల్లలు కథలు చెప్పుకుంటున్నారు.

మధ్యాహ్నమైంది. హాల్లో మూడువందల మంది దాకా ఉన్నారు. అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు. మురహరి ఆ చివర, నలభై అడుగుల దూరంలో, ఇటు వీపు పెట్టి ఎదులపాడు భజనవాళ్ళతో ఏదో తాళం లెక్క తేలుస్తున్నాడు. దమయంతి మంటగుండం దగ్గర అన్నం గిన్నె దించి, చేతులు తుడుచుకుని, రోజూ నిలబడినచోటే నిలబడింది. కేక వేయలేదు. పక్కనున్న మనిషితో అన్నట్టే అంది.

"అన్నం చల్లారుతాంది, రండి."

మురహరి చేతిలోని తాళం ఆగింది. ఆయన వెనక్కి తిరిగాడు. అంతమంది తలల మధ్య నుంచి సూటిగా ఆమె నిలబడ్డ వైపే చూశాడు. మూడేళ్ళుగా విన్న ఆ ప్రశ్న ఇప్పుడూ వస్తుందనుకుంది దమయంతి. ముద్ద కలిపినట్టు సైగ చేయడానికి చేయి అప్పుడే సగం లేచింది కూడా.

"వస్తున్న" అన్నాడు మురహరి, ఆయన కూడా మెల్లగానే. తాళాలు పక్కవాడి చేతిలో పెట్టి, జనాన్ని తప్పించుకుంటూ అన్నానికి వచ్చాడు.